తాడు లాగినా లేవని రోజు

నేను ఒక ఇంజన్ని. ఆ మాట వినగానే మీకు రైలు గుర్తొస్తే నేనేం చేయలేను. నన్ను ఒక్క మనిషి, కాస్త పక్కకి ఒరిగి, ఒంటిచేత్తో మోసుకుపోగలడు. ఎర్రరంగు టాంకు, నల్లటి పిడి, పక్కన ఒక తాడు. ఆ తాడు పట్టుకుని లాగితే లేస్తాను. నేను లేస్తే నా వెనక ఉన్న డైనమో తిరుగుతుంది, దీపాలు వెలుగుతాయి. అంతా కలిపి మమ్మల్ని జనరేటర్ అంటారు. పెట్రోలు తాగి, పొగ మింగి, ఒళ్లు కాల్చుకునేది నేను. పేరు మాత్రం డైనమోది. దీని గురించి నేనెప్పుడూ మనసు కష్టపెట్టుకోలేదు. నేను తిరిగిన ఇళ్లలో కూడా పని ఒకరిది, పేరు ఒకరిది అయిన సంగతులు చాలానే చూశాను.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాన, ఒక పొడవాటి రేకుల షెడ్డులో. నా ముందూ వెనకా నాలాంటివాళ్లే వరసగా కదిలిపోతుండేవాళ్లు. చివర్లో నిలబడ్డ ఒకాయన ఒక్కొక్కరి తాడు లాగి, ఒక నిమిషం విని, కార్డు మీద టిక్కు పెట్టేవాడు. నా దగ్గరకొచ్చేసరికి ఆయనకి తుమ్ము వచ్చింది. తుమ్మి, నేను నడుస్తున్నానో లేదో సరిగా వినకుండానే టిక్కు పెట్టేశాడు. అలా పరీక్ష రాయకుండానే ప్యాసై లారీ ఎక్కాను.

చీరాల బజార్లో ఒక కొట్టు ముందు మూడు నెలలు కూర్చున్నాక నన్ను యేసోబు కొన్నాడు. యేసోబుది బాపట్ల దగ్గర దొడ్లవారిపాలెం. మైకుసెట్టు, సీరియల్ లైట్లు అద్దెకిచ్చేవాడు. ఆయనతో నేను పదిహేనేళ్లు తిరిగాను. ప్రార్థన కూటాలకి వెలిగించాను, శ్రీరామనవమి పందిళ్లకి వెలిగించాను, పీర్ల చావిడికి వెలిగించాను. ఏ దేవుడి దగ్గరా నా చప్పుడు వినపడకుండా నన్ను దూరంగా, గోడ వెనక పెట్టేవాళ్లు. పెళ్లిళ్లలో అయితే మరీ దూరం. పెళ్లికొడుకు ముఖం మీద వెలుగు ఒక్క క్షణం తగ్గితే మాత్రం ఊరంతా గోడ వెనక్కి పరుగెత్తుకొచ్చేది.

యేసోబు నన్ను చూసుకున్నట్టు ఎవరూ చూసుకోలేదు. పని అయిపోగానే వెంటనే ఆపేవాడు కాదు. టాంకు కిందున్న పెట్రోలు టాప్ కట్టేసి, లోపల మిగిలిన చుక్కలన్నీ నేను తాగేసి నాకు నేనే ఆగిపోయేదాకా పక్కనే నిలబడేవాడు. పెట్రోలు లోపల నిలవుంటే గడ్డకడుతుందని ఆయనకి తెలుసు. అయితే తన సంగతి మాత్రం చూసుకోలేదు. పెద్దపెద్ద బాకాల పక్కన పదిహేనేళ్లు కూర్చున్నందుకు రెండు చెవులూ పోయాయి. కొడుకు చెవిమిషను కొనిపెడితే రెండు రోజులు పెట్టుకుని, "గిన్నె కింద పెడితే పిడుగు పడ్డట్టుంది" అని అలమరలో పడేశాడు. అప్పట్నుంచి ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట అర్థం చేసుకునేవాడు. వినపడనివాడికి మైకు ఎవరిస్తారు? మైకుసెట్టు అమ్మేశాడు. నన్ను నాగూర్‌బీకి ఇచ్చాడు.

నాగూర్‌బీ అదే ఊళ్లో నాలుగిళ్ల అవతల ఉంటుంది. భర్త మౌలాలి లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. ముప్ఫై నాలుగేళ్ల మనిషి, నిలబడి అన్నం తినే రకం. నాటుకోళ్ల గుడ్లు పొదిగించే పెట్టె ఒకటి తెచ్చి వసారాలో పెట్టింది. మూడువందల గుడ్లు పట్టే చెక్కపెట్టె. లోపల బల్బులు, చిన్న ఫ్యాను, నీళ్ల గిన్నె, అద్దంలోంచి కనపడే వేడికొలత. ఊళ్లో ఆడవాళ్లు తమ ఇళ్లలో కోళ్లు పెట్టిన గుడ్లు తెచ్చి ఆమెకిచ్చేవాళ్లు. పొదిగాక పిల్లల్లో సగం వాళ్లకి, సగం ఆమెకి. కరెంటు పోతే నేను ఆ పెట్టెకి వేడి ఇవ్వాలి. పందిళ్ల పని చేసిన నాకు ఇదొక వింత ఉద్యోగం. చప్పట్లు లేవు, పాటలు లేవు. గుడ్లు మాట్లాడవు.

మొదట్లో యేసోబు ప్రతి ఆదివారం చర్చినుంచి వస్తూ నన్ను చూడటానికి ఆగేవాడు. ఎండాకాలం చివర్లో ఒక ఆదివారం నేను కొంచెం దగ్గుతున్నాను. నాగూర్‌బీ పక్కింటి సుగుణమ్మతో మాట్లాడుతూ, తన మాట ఆయన చూస్తున్నాడన్న ధ్యాస లేకుండా అనేసింది:

"బాబాయికి వినపడదు గదక్కా. ఇంజను రోగం ఆయనకెట్టా తెలుస్తది? బాపట్లలో చూపిస్తాలే."

ఆయన ఆ పెదాలు చూశాడు. భుజం మీద తువ్వాలు దులిపి మళ్లీ వేసుకుని వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. నాగూర్‌బీకి సంగతి అర్థమై నొచ్చుకుంది గానీ, వెళ్లి చెప్పడానికి మొహం చెల్లలేదు. మనుషుల్లో ఇదొకటి నాకు ఎప్పటికీ అర్థం కాదు. నాలుగిళ్ల దూరం నడవడానికి ఆరు నెలలు పట్టింది.

ఆ ఆరు నెలలూ కరెంటు పెద్దగా పోలేదు. నేను మూల కూర్చున్నాను. నా కడుపులో పెట్రోలు అలాగే ఉండిపోయింది, టాప్ ఎవరూ కట్టలేదు. కార్తీకమాసం వచ్చేసరికి నా కార్బొరేటర్‌లో పెట్రోలు జిగురుగా మారి సన్నని దారులన్నీ మూసుకుపోయాయి. కార్బొరేటర్ అంటే గాలినీ పెట్రోలునీ సరైన పాళ్లలో కలిపి నాకు అందించే భాగం. నా నోరూ ముక్కూ రెండూ అదే అనుకోండి.

తుఫాను వస్తోందని టీవీలో చెప్పిన రోజున నాగూర్‌బీ నా తాడు లాగి చూసింది. లేవలేదు. పెట్టెలో గుడ్లు పద్దెనిమిదో రోజుకి వచ్చాయి. ఇరవయ్యొకటో రోజున పిల్లలు బయటికి రావాలి. అంతకుముందు రెండుసార్లు పెట్టె నింపి, రెండుసార్లూ సగానికి పైగా చెడగొట్టుకుంది. ఒకసారి వేడి ఎక్కువై, ఒకసారి నీళ్ల గిన్నె ఎండిపోయి. ఈసారి కూడా చెడితే గుడ్లు ఇచ్చేవాళ్లుండరని ఆమెకి తెలుసు. నన్ను ఆటోలో వేసుకుని బాపట్ల పోయింది.

మెకానిక్ వెంకటరత్నం మంచివాడే. ఆ రోజు అతని షెడ్డు ముందు పన్నెండు బళ్లున్నాయి. తుఫాను లోపల అందరికీ అన్నీ బాగుపడాలి. నా కార్బొరేటర్ విప్పి చూసి పెదవి విరిచాడు.

"లోపలంతా జున్నులాగా గడ్డకట్టిందక్కా. కడగతా కూర్చుంటే పొద్దు పోద్ది. కొత్తది వేసేద్దాం."

"వేస్తే లేస్తదా?"

"లేవక యాడికి పోద్ది!"

కొత్త కార్బొరేటర్ తెచ్చి బిగించాడు. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. కార్బొరేటర్‌కీ నాకూ మధ్య ఒక నల్లటి దిమ్మ ఉంటుంది, నా వేడి దానికి తగలకుండా. ఆ దిమ్మకి అటొకటి, ఇటొకటి, రెండు పల్చటి అట్టలు ఉండాలి. మెకానిక్కులు వాటిని ప్యాకింగులంటారు. సందుల్లోంచి గాలి దూరకుండా కాచేవి అవే. పాత ప్యాకింగులు రెండూ విప్పేటప్పుడు చిరిగిపోయాయి. కొత్త డబ్బాలో ఒకటే వచ్చింది. వెంకటరత్నం రెండోదానికోసం డబ్బాలన్నీ వెతికాడు. బయట ఎవరో హారన్ కొడుతున్నారు. "గట్టిగా బిగిస్తే చాల్లే" అని తనలో తను అనుకుని, ఒకదానితోనే సరిపెట్టి నట్లు బిగించాడు.

నాకు వెంటనే తెలిసింది. తాడు లాగినప్పుడల్లా కార్బొరేటర్లోంచి రావాల్సిన గాలి ఆ సందులోంచి దొంగతనంగా వచ్చేస్తోంది. గాలి అడ్డదారిన వస్తుంటే పెట్రోలు వెనక రాదు. స్ట్రా పక్కన చీలిపోతే ఎంత పీల్చినా కొబ్బరినీళ్లు పైకి రావు చూడండి, అలాగన్నమాట. కానీ నేనెవరికి చెప్పను? పదమూడుసార్లు లాగాడు. పద్నాలుగోసారి గాలి లోపలికెళ్లే మూతి మీద అరచెయ్యి అడ్డం పెట్టి లాగితే ఎలాగో లేచాను. లేచాక కూడా ఒకసారి గట్టిగా, ఒకసారి నీరసంగా, ఉయ్యాల ఊగినట్టు నడిచాను.

"ఇదేంది, ఊగతంది?" అంది నాగూర్‌బీ.

"కొత్తది గదక్కా. రెండ్రోజులు అట్టాగే ఉంటది. సర్దుకుంటది."

లోహానికి సర్దుకోవడం తెలియదు. అది మనుషులు చేసే పని.

తుఫాను తెల్లవారుజామున తీరం దాటింది. ఉదయం ఏడింటికి కరెంటు పోయింది. వీధి చివర రెండు స్తంభాలు పడిపోయాయని, లైన్‌మన్ రావడానికి కూడా దారి లేదని తొమ్మిదింటికల్లా అందరికీ తెలిసిపోయింది. అప్పటికి వాన తగ్గి గాలి మాత్రం మిగిలింది. గుడ్లది ఇరవయ్యో రోజు.

నాగూర్‌బీ నన్ను వసారా చివరకి తెచ్చి, గాలి తగ్గించే చోక్ పెట్టి, తాడు లాగింది. లేవలేదు. మళ్లీ లాగింది. ఇరవైసార్లు లాగాక చీర కొంగు నడుముకి బిగించి ఇంకో ఇరవైసార్లు లాగింది. ఈలోగా సంగతి తెలిసి ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఎవరి గుడ్ల మీద వాళ్ల గుర్తులున్నాయి. సుగుణమ్మ పెన్సిలుతో సున్నా చుట్టింది, ఒకామె బొగ్గుతో గీత పెట్టింది, కాలేజీకెళ్లే కూతురున్న ఒకామె గోళ్లరంగు చుక్క పెట్టింది. అందరూ పెట్టె అద్దం ముందు గుంపుకట్టి వేడికొలత చూస్తున్నారు. ముప్ఫై ఏడున్నర ఉండాల్సింది ముప్ఫై ఆరుకి దిగింది.

ఆపైన సలహాలు మొదలయ్యాయి. ఒకామె నన్ను పక్కకి పడుకోబెట్టమంది. ఒకామె ఎండలో పెట్టమంది, ఎండ లేకపోయినా. ఇంకొకామె ఇంట్లోంచి కొబ్బరికాయ తెచ్చి నా ముందు కొట్టింది. కొబ్బరినీళ్లు నా మీద చిందాయి. నాకు దానిమీద అభ్యంతరం లేదు గానీ, గాలి దూరే సందు మాత్రం అలాగే ఉంది.

"వెంకటరత్నానికి ఫోన్ కొట్టమ్మే!" అంది సుగుణమ్మ.

"సిగ్నలే లేదక్కా. రోడ్డుకడ్డంగా చెట్లు పడ్డాయంట. పోదామన్నా దారి లేదు."

వేడి ముప్ఫై ఐదుకి వచ్చింది. అప్పుడే ఎవరో పెట్టెకి చెవి ఆనించి "ష్!" అన్నారు. అందరూ ఊపిరి బిగపట్టారు. లోపల ఏదో గుడ్డులోంచి సన్నగా, దారం అంత సన్నగా, కిచకిచ వినపడింది. ఒక పిల్ల లోపల మేలుకుంది. బయటికి రావడానికి సిద్ధమవుతోంది. నాగూర్‌బీ మొహం చూడలేకపోయాను.

"యేసోబు మామని పిలవరాదూ?" అంది సుగుణమ్మ మెల్లగా.

నాగూర్‌బీ చేతిలో తాడు వదిలేసింది. తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా నీళ్లలో నడుచుకుంటూ వెళ్లింది. వెనకే వెళ్లిన సుగుణమ్మ తర్వాత పదిమందికి పదిసార్లు చెప్పింది కాబట్టి అక్కడేం జరిగిందో నాకూ తెలుసు.

యేసోబు గుమ్మంలో కూర్చుని పడిపోయిన ములగచెట్టుకి కాయలు కోస్తున్నాడు. నాగూర్‌బీ ఆయన ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది, పెదాలు కనపడేలా.

"బాబాయ్, తప్పయింది. నోరు జారాను. ఆర్నెల్ల కిందే వచ్చి చెప్పాల్సింది, సిగ్గేసి రాలేదు."

యేసోబు ములక్కాయలు పక్కన పెట్టాడు.

"నా చెవులు పొయినయ్యి గానీ చేతులు పోలేదే అమ్మాయ్," అన్నాడు. వినపడనివాళ్లు మాట్లాడినట్టు, వీధి చివరిదాకా వినపడేలా. "ఇప్పుడేమైంది?"

"ఇంజను లేవట్లా. గుడ్లు చల్లబడతన్నయ్యి. లోపల పిల్లలు అరస్తన్నయ్యి బాబాయ్."

ఆయన లేచి నిలబడ్డాడు. "పద పద. ముందు గుడ్ల సంగతి చూద్దాం. అలక రేపు తీరిగ్గా చూసుకుందాం."

ఆయన వసారాలోకి వచ్చాక చేసిన మొదటి పని, ఆడవాళ్లందరినీ ఇళ్లకి తరమడం. ఊరికే కాదు, దుప్పట్లు తేవడానికి, సీసాల్లో వేణ్ణీళ్లు తేవడానికి. వేణ్ణీళ్ల సీసాలు పెట్టెలో అడుగున సర్ది, పైన నాలుగు దుప్పట్లు కప్పించాడు, గాలి ఆడటానికి ఒక మూల వదిలి. "ఇది గంటన్నర కాస్తది. ఈలోగా దీన్ని లేపాలి," అని నా ముందు చతికిలబడ్డాడు.

ఆ చెయ్యి నా నెత్తి మీద పడగానే నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

"లాగమ్మాయ్," అన్నాడు. నాగూర్‌బీ తాడు లాగింది. ఆయన కళ్లు మూసుకుని అరచేత్తో నా లోపలి కదలిక చూశాడు. "బలంగానే కొడతంది. లోపల రోగమేం లేదు."

ప్లగ్గు విప్పించాడు. నిప్పురవ్వ పుట్టించేది అదే. దాన్ని వైరుకి తగిలించి, పెట్రోలుకి దూరంగా నా ఒంటికి ఆనించి మళ్లీ లాగమన్నాడు. నీలంగా చిటపటలాడింది. ఆడవాళ్లు "అబ్బో!" అన్నారు. ప్లగ్గు కొనని వేలితో తడిమి, వాసన చూశాడు.

"నలభైసార్లు లాగావా?"

"ఇంకా ఎక్కువే బాబాయ్."

"అన్నిసార్లు లాగితే ఇది పెట్రోల్లో తడిసి ముద్దయ్యుండాల. ఎండిపోయుంది చూడు. నిప్పుంది, బలముంది. తిండి అందట్లా."

అంతవరకూ నన్ను చూసినవాళ్లందరూ నేను ఎందుకు లేవటం లేదని అడిగారు. నాకేం కావాలని అడిగింది ఆయనొక్కడే.

కార్బొరేటర్ అడుగున ఉన్న మర కొంచెం వదులు చేయించాడు. పెట్రోలు ధారగా గిన్నెలో పడింది. అంటే తిండి నోటిదాకా వస్తోంది. మర బిగించాక, సీసా మూతలో కొంచెం పెట్రోలు పట్టి గాలి మూతిలో పోసి, అందరినీ వెనక్కి జరగమని, లాగమన్నాడు. నేను బుడబుడమని లేచాను! వసారా అంతా ఒక్క అరుపు అరిచింది. నాలుగు క్షణాలు నడిచి, ఆ మూతెడూ అయిపోగానే ఆగిపోయాను. వసారా మళ్లీ నీరుగారిపోయింది. యేసోబు మాత్రం నవ్వుతున్నాడు.

"చూశావా? పోస్తే తాగతంది. తనంతట తాను పీల్చుకోలేకపోతంది. యాడో గాలి తీస్కుంటంది."

చేతివేళ్లు నీళ్లలో ముంచాడు. తడివేళ్లని కార్బొరేటర్ చుట్టూ, ఒక్కొక్క అతుకు దగ్గరా పెట్టి, నాగూర్‌బీని లాగుతూనే ఉండమన్నాడు. మొదటి అతుకు, ఏమీ లేదు. పైన, ఏమీ లేదు. నల్లదిమ్మ వెనక్కి వేలు జరిపాడు. ఆగాడు.

"ఇక్కడ చల్లగా తగలతంది," అన్నాడు. "నీ చెయ్యి పెట్టు."

నాగూర్‌బీ వేలు తడిపి పెట్టింది. ఆయన తాడు లాగాడు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "అవును బాబాయ్! లోపలికి గుంజతంది!"

"చెవులున్నోళ్లకి ఇది వినపడదే అమ్మాయ్. అంత సన్నది."

రెండు నట్లు విప్పేసరికి దొంగ దొరికాడు. దిమ్మకి ఒకవైపు ప్యాకింగ్ ఉంది, రెండోవైపు లేదు. ఇప్పుడు ప్యాకింగ్ ఎక్కడినుంచి తేవాలి?

"మందపాటి అట్ట ఏదన్నా తీసుకురండి," అన్నాడు యేసోబు. అంతే, ఇళ్లు గాలించేశారు. బిస్కెట్ల పెట్టె తెచ్చారు, మరీ మెత్తన. చెప్పుల పెట్టె తెచ్చారు, మరీ మందం. పిల్లల నోటుపుస్తకం అట్ట తెచ్చారు, మరీ పల్చన. చివరికి సుగుణమ్మ తన చెల్లెలి కొడుకు పెళ్లి శుభలేఖ తెచ్చింది. బంగారురంగు అంచుతో గట్టిగా, నునుపుగా ఉంది. యేసోబు దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇదీ ప్యాకింగంటే! పెళ్లి ఎప్పుడు?" అన్నాడు.

"అయిపోయి నాల్రోజులైంది మామా."

"అయితే పర్లేదు, కోసేద్దాం."

దిమ్మ మొహానికి కొంచెం గ్రీజు పూసి శుభలేఖ మీద అద్దితే అచ్చు దిగింది. ఆయన చేతులు వణుకుతాయి కాబట్టి, కోసే పని నాగూర్‌బీ తీసుకుంది. జాకెట్లకి అద్దాలు కుట్టేటప్పుడు వాడే చిన్న కత్తెరతో, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, అచ్చు వెంబడే కోసింది. మధ్యలో పెద్ద రంధ్రం, పక్కన బోల్టులకి రెండు చిన్నవి. రంధ్రానికి ఒక పక్కన పెళ్లికొడుకు పేరు, రెండో పక్కన పెళ్లికూతురి పేరు మిగిలాయి. కొత్త దంపతులకి నా లోపల కాపురం కుదిరింది.

బిగించడం కూడా ఆమే చేసింది. "ఒకటే నట్టు గట్టిగా తిప్పబాకు. ఇటు కాస్త, అటు కాస్త. రెండూ సమానంగా," అని ఆయన చెబుతుంటే అలాగే చేసింది. వేడికొలత ముప్ఫై నాలుగు దగ్గర నిలబడి ఉంది. పెట్టెలోంచి కిచకిచ ఇప్పుడు చెవి ఆనించకుండానే వినపడుతోంది.

చోక్ పెట్టి లాగింది. దగ్గాను. రెండోసారి లాగింది. గట్టిగా దగ్గాను. మూడోసారి లాగింది. గాలి, పెట్రోలు, నిప్పు మూడూ ఒక్కచోట కలిశాయి. నేను లేచాను. ఊగకుండా, తడబడకుండా, ఒకే స్థాయిలో, పందిళ్ల రోజుల్లో నడిచినట్టు నడిచాను. పెట్టెలో బల్బులు వెలిగాయి. ఆడవాళ్లు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. సుగుణమ్మ నన్ను కూడా కౌగిలించుకోబోయి, చెయ్యి కాలి, నాలుగు తిట్లు తిట్టింది.

యేసోబు చేసిందల్లా నా టాంకు మీద చెయ్యి వేసి చాలాసేపు అలా ఉంచడమే. నాగూర్‌బీ ఆయనకి టీ తెచ్చిచ్చింది. రేపు చూసుకుందామన్న అలక సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు వచ్చేదాకా, పెట్రోలు పోయడానికీ ఆయిలు చూడటానికీ ఆపిన నిమిషాలు తప్ప నేను నడుస్తూనే ఉన్నాను. బంకులు తెరవలేదు కాబట్టి పెట్రోలు ఎక్కడిదని అడుగుతారేమో. ఆడవాళ్లు ఎవరి ఇంట్లో మోటారు సైకిల్‌కి వాళ్లు గొట్టం పెట్టి పెట్రోలు దించి తెచ్చారు. ఆ ఒక్క రోజు ఊళ్లో మగవాళ్లెవరూ బండి మీద తిరగలేదు. ఎందుకు తిరగలేకపోయారో కొందరికి మూడు రోజుల తర్వాత గానీ తెలియలేదు.

పిల్లలు మర్నాడు ఉదయమే బయటికి రావడం మొదలుపెట్టాయి. మొదట ఒక గుడ్డుకి చిన్న పగులు, దాంట్లోంచి ముక్కు. తర్వాత పది, తర్వాత యాభై. మధ్యాహ్నానికి రెండువందల పంతొమ్మిది. తడి ఆరి, పసుపూ నలుపూ గోధుమరంగూ ఉండలై పెట్టెనిండా దొర్లాయి.

అప్పుడు అసలు గొడవ మొదలైంది. గుర్తులు గుడ్ల మీద పెట్టారు గానీ పిల్లల మీద పెట్టలేదు కదా! "ఆ నల్లది మా కోడిదే, దాని నడక చూడు," అని ఒకామె. పుట్టి అరగంట కాలేదు, దానికి నడకేమిటి? చివరికి నాగూర్‌బీ పెంకులన్నీ ఏరి, సున్నా ఉన్నవి ఒక కుప్ప, గీత ఉన్నవి ఒక కుప్ప, రంగుచుక్క ఉన్నవి ఒక కుప్ప పెట్టి, ఏ కుప్పలో ఎన్ని పెంకులుంటే అన్ని పిల్లల్లో సగం చొప్పున లెక్క కట్టి తేల్చింది. నల్లదానిమీద పట్టుబట్టినామెకి నల్లదే ఇచ్చింది.

ఆ సందడిలో యేసోబు గోడకి ఆనుకుని అందరి నోళ్లూ చూస్తూ కూర్చున్నాడు. అన్ని పెదాలు ఒకేసారి కదులుతుంటే ఆయనకి ఏదీ అందడం లేదు. నాగూర్‌బీ ఒక పిల్లని తెచ్చి ఆయన దోసిట్లో పెట్టి, పైన తన చెయ్యి మూసింది. ఆ పిల్ల గట్టిగా అరుస్తోంది. అరిచినప్పుడల్లా దాని చిన్న ఒళ్లంతా అదురుతోంది. ఆయన దోసిలి గుండెకి దగ్గరగా తెచ్చుకున్నాడు. తర్వాత మొహమంతా నవ్వయింది.

"ఓరి నీ దుంపతెగ, ఏం కూతే ఇది!" అని అరిచాడు. "ఇంత గొంతు నా మైకుసెట్టుకి కూడా లేదు!"

అందరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే నాగూర్‌బీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

వారం తర్వాత వెంకటరత్నం వచ్చాడు. చెట్లు తొలగించి దారి వచ్చాక సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. చేతిలో కొత్త ప్యాకింగ్ ఉన్న చిన్న కవరు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఆ రోజు తొందరలో... నాది తప్పేనక్కా. వేడి తగిలితే కాగితం ఎక్కువ రోజులు నిలవదు. ఇది వేసి పోతాను."

నాగూర్‌బీ అతన్ని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కవరు అందుకుంది.

"నువ్వట్టా కూర్చుని స్పానర్లు అందియ్యి వెంకటరత్నం. నేనిప్పుతా."

"నువ్వా?" అన్నాడతను. యేసోబు వైపు చూశాడు. యేసోబు అతని పెదాలు చదివి, "మరి నేనా? నాకు చేతులు వణుకుతయ్యి," అన్నాడు.

ఆమె టాప్ కట్టేసి, రెండు నట్లు విప్పి, కార్బొరేటర్ పక్కకి జరిపింది. నూనె తాగి నల్లబడ్డ శుభలేఖ ముక్కని గోటితో నెమ్మదిగా లేపింది. దిమ్మ మొహం గుడ్డతో శుభ్రంగా తుడిచి, వేలితో తడిమి చూసుకుని, కొత్తది పెట్టింది. ఇటు కాస్త, అటు కాస్త, రెండూ సమానంగా బిగించింది. తర్వాత టాప్ తెరిచి, చోక్ పెట్టి, తాడు చేతికి ఒక చుట్టు చుట్టుకుంది.

మొదటిసారి లాగింది. నేను లేవలేదు. వెంకటరత్నం మొహం తెల్లబోయింది. రెండోసారి లాగింది. లేచాను.

నిజం చెప్పాలంటే మొదటిసారికే లేవగలను. అతన్ని ఒక్క నిమిషం చెమటలు పట్టించాలనిపించింది, అంతే.